సంగీత కళాశాల - సామాన్య ప్రతిభ

విజయనగరం సంగీతం గురించి మాట్లాడేవాళ్ళందరూ పేర్లతో మొదలుపెడతారు. ఆదిభట్ల నారాయణదాసు గారు, ద్వారం వెంకటస్వామినాయుడు గారు, ఘంటసాల, సుశీల, నేదునూరి కృష్ణమూర్తి గారు - ఈ వరస పూర్తయ్యేసరికి వినేవాడికి ఒక అభిప్రాయం స్థిరపడిపోతుంది. 1919లో పెట్టిన ఆ కళాశాల మహావిద్వాంసులను తయారు చేయడానికే వుందనీ, అంతటివాళ్ళు ఇప్పుడు రావడం లేదు గనక అది దిగజారిపోయిందనీ. దీని వెంట రెండో మాట తేలిగ్గా పుడుతుంది. గొంతు లేనివాళ్ళనీ, శ్రుతి అందనివాళ్ళనీ చేర్చుకోవడమెందుకు? ప్రతిభ వున్న పదిమందిని తీసుకొని మిగతావాళ్ళను వేరే చదువులకు పంపేస్తే సరిపోదా? ఈ మాట నేను అధ్యాపకుల గదిలోనూ విన్నాను, కచేరీ విరామంలో కాఫీ తాగుతూనూ విన్నాను. నేనూ అన్నాను. ఒకసారి, అనకూడని చోట అన్నాను. అంచేతనే ఈ వ్యాసం.

నేను పనిచేసేది సంగీత కళాశాలలో కాదు. బి.ఏ. విద్యార్థులకు తెలుగు చెబుతాను. కొన్నేళ్ళ క్రితం మా వార్షికోత్సవంలో పాటలు పాడేవాళ్ళను ఎంపిక చేయడానికి ముగ్గురు అధ్యాపకులం కూర్చున్నాం. రెండో సంవత్సరం కుర్రవాడొకడు వచ్చి పాడాడు. వంశధార అవతలి ఊరు. తండ్రి గొర్రెలు కాస్తాడు, గంగమ్మ సంబరాలకు తప్పెటగుళ్ళ జట్టులో ఆడతాడు. కుర్రవాడి గొంతు పెద్దది. హార్మోనియం ఒక మెట్టు మీద వుంటే అతను ఇంకో మెట్టు మీద వున్నాడు. మేం ముఖాలు చూసుకొన్నాం, తక్కువ మార్కు వేశాం, తర్వాతి పేరు పిలిచాం. వారం పోయాక అతను నా దగ్గరికి వచ్చి అడిగాడు.

"మాస్టారూ, డిగ్రీ అయిపోనాక ఇజీనగరం సంగీతం కాలేజీలో సేరదామనుకుంటన్నాను. ఏటంటారు?"

"నీకంత గొంతు లేదయ్యా. బి.ఎడ్. చెయ్యి" అన్నాను.

అతను ఒక్క నిమిషం ఆలోచించి మళ్ళీ అడిగాడు. "గొంతు నేదా మాస్టారూ, అక్కడికెల్తే ఉద్దోగం నేదా?"

నేను నవ్వి, "రెండూ" అన్నాను. అతను వెళ్ళిపోయాడు.

ఆ కుర్రవాడు ఒక్క ప్రశ్నతో నా మాటను రెండుగా చీల్చి చూపించాడు. నేను ఆ రెండు ముక్కలనూ మళ్ళీ అతికించి అతని చేతిలో పెట్టాను. మనం ఈ విషయంలో చేస్తున్న నైతికమైన తప్పు అదేనని నాకు తర్వాత తోచింది. ప్రతిభ వేరు, బ్రతుకుతెరువు వేరు. "నీకు మేం చోటు ఏర్పాటు చేయలేదు" అని చెప్పవలసిన చోట "నీకు ప్రతిభ లేదు" అని చెబుతున్నాం. మొదటి మాట చెబితే సిగ్గుపడవలసింది మనం. రెండో మాట చెబితే సిగ్గు విద్యార్థికి పోతుంది.

ఈ చిక్కును విప్పడానికి విజయనగరం కళాశాల చరిత్ర కంటె మంచి ఉదాహరణ మన ప్రాంతంలో లేదు. దాని పుట్టుక గురించి చెప్పుకొనే కథ చాలామందికి తెలిసిందే. కాని పేర్ల వరస చదివేటప్పుడు దాన్ని ఎవరూ గుర్తు పెట్టుకోరు. పూసపాటి విజయరామ గజపతి ఆస్థానంలో ఉద్యోగి అయిన చాగంటి జోగారావు గారికి చూపు లేని కొడుకు ఒకడున్నాడు. ఆ పిల్లవాడికి సంగీతం నేర్చుకోవాలని వుంది. అతని కోసం రాజావారు సంగీత పాఠశాల పెట్టించారంటారు. ఈ కథలో జమీందారీ దాతృత్వం ఎంత వుందో, ఆ దాతృత్వం వెనక రైతులు కట్టిన శిస్తు ఎంత వుందో మనకు తెలియనిది కాదు. 1948 నాటి ఎస్టేట్ల రద్దు చట్టం రావడానికి ముందు ఈ జిల్లాల్లో రైతు ఎలా బ్రతికాడో మన పెద్దలు చెప్పగా విన్నాం. అయినా కథలో ఒక ముఖ్యమైన సంగతి వుంది. కళాశాల పుట్టింది ఒక మేధావిని వెతికి పట్టుకోవడానికి కాదు. ఒక పిల్లవాడి అవసరాన్ని చూసి. అతను ఎంతటి పాటగాడని ముందుగా ఎవరూ పరీక్ష పెట్టినట్టు ఆ కథలో లేదు.

అదే సంవత్సరం జరిగినట్టు చెప్పుకొనే రెండో కథ దీనికి సరిగా ఎదురు నిలుస్తుంది. ద్వారం వెంకటస్వామినాయుడు గారు 1893లో పుట్టారు. విద్యార్థిగా చేరదామని వస్తే, ఆయన వాయులీనం విన్నవాళ్ళు విద్యార్థిగా కాదు, ఆచార్యుడుగా చేరమన్నారట. 1936లో నారాయణదాసు గారి తర్వాత ఆయనే అధ్యక్షుడయ్యారు. ఈ కథను మనవాళ్ళు ప్రతిభకు పట్టం కట్టిన కథగా చెబుతారు. నాకు మరో విధంగా కనిపిస్తుంది. అంతటి ప్రతిభకు ప్రవేశపరీక్షతో పని లేదు. తలుపు మూసి వున్నా అది లోపలికి వస్తుంది. బొత్తిగా చెవి లేనివాడికీ పరీక్షతో పని లేదు. అతను రాడు. పరీక్ష ఎవరిని ఆపుతుందయ్యా అంటే ఈ ఇద్దరి మధ్యనున్న జనాన్ని. అంటే మనందరినీ. కళాశాలలు వుండవలసింది ఎవరి కోసమో వాళ్ళనే.

ఇక ఘంటసాల. ఆయన కృష్ణా జిల్లా నుంచి ఉంగరం అమ్ముకొన్న డబ్బుతో విజయనగరం చేరుకొన్నారు. పట్రాయని సీతారామశాస్త్రి గారు చేరదీసి సంగీతం చెప్పారు. కడుపు నింపుకోవడానికి ఘంటసాల జోలె పట్టి మధుకరం చేశారు. ఈ సంగతిని మన సభల్లో కన్నీళ్ళ మధ్య చెప్పి, వెంటనే పట్టుదలకు నిదర్శనంగా మార్చి, యువకులకు ఉపదేశిస్తారు. నాకు ఆ ఉపదేశం మింగుడుపడదు. ప్రతిభ నిండుగా వున్న విద్యార్థికి కూడా ఆ రోజుల్లో భోజనం లేదు అన్నదే ఇందులోని విషయం. అంతటి గొంతు వున్నా అన్నం పుట్టలేదు. కనుక అన్నం పుట్టకపోవడాన్ని గొంతు లేకపోవడానికి రుజువుగా చూపడం కుదరదు. జోలె పట్టినవాళ్ళలో ఒక్కడు ఘంటసాల అయ్యాడు గనక జోలె మంచిదయింది. మిగిలినవాళ్ళ మాటేమిటి?

ప్రతిభ అంటే ఏమిటో కొంచెం దగ్గరగా చూద్దాం. ఆ వార్షికోత్సవం ముందు నేను కొలిచినదేమిటి? తప్పెటగుళ్ళు చూసినవాళ్ళకు చెప్పనక్కరలేదు. చూడనివాళ్ళ కోసం చెబుతాను. పదిహేను ఇరవై మంది యాదవులు రొమ్ముకు రేకు తప్పెట కట్టుకొని, కాళ్ళకు గజ్జెలు కట్టుకొని, రెండు చేతులా తప్పెట వాయిస్తూ, గుండ్రంగా తిరుగుతూ, ఎగురుతూ పాడతారు. వానలకోసం, గంగమ్మ కోసం, ఒక్కోసారి తెల్లవార్లూ. ఆ మోతలో మాట వినబడాలంటే గొంతు ఆకాశానికి తగలాలి. శ్రుతి అక్కడ పెట్టెలోంచి రాదు, జట్టులోంచి వస్తుంది. జట్టు పైకి పోతే పాట పైకి పోతుంది. అలాంటి చోట తయారైన గొంతును తెచ్చి మైకు ముందు నిలబెట్టి, సినిమా పాట పాడించి, "శ్రుతి లేదు" అన్నాం. చేపను చెట్టెక్కమన్నట్టు కాదు గాని, గొల్లవాణ్ణి గుమాస్తా కుర్చీలో కూర్చోబెట్టి చేతిరాత బాగులేదన్నట్టు.

నిజమే, అతనికి హార్మోనియం శ్రుతి పట్టడం రాదు. నేర్చుకోలేదు గనక రాదు. మన ఇళ్ళలో శ్రుతిపెట్టె మోగుతూండగా పెరిగిన పిల్లకు ఐదో ఏట మేష్టారు వస్తాడు. తల్లి వంటింట్లో కూనిరాగం తీస్తుంది. త్యాగరాజ ఆరాధన నాడు ఒళ్ళో కూర్చోబెట్టుకొని తీసుకువెళ్తారు. పదహారేళ్ళు వచ్చేసరికి ఆ పిల్ల గొంతులో పదేళ్ళ తీరిక పేరుకొని వుంటుంది. ప్రవేశం రోజున ఆ తీరికను మనం ప్రతిభ పేరుతో కొలుస్తాం. మార్క్స్ 1844 నాటి రాతప్రతుల్లో అన్నదిదే: సంగీతం తెలియని చెవికి ఎంత మంచి సంగీతమైనా ఏమీ కాదు. మనిషి ఇంద్రియాలు తయారుకావడం ఇంతవరకు నడిచిన చరిత్ర అంతా చేసిన పని. చెవి పుట్టుకతో రాదు, దాన్ని తయారుచేస్తారు. ఎవరి చెవిని తయారుచేయాలని ఒక సమాజం నిర్ణయించుకొన్నదో చూస్తే ఆ సమాజం సంగతి తెలుస్తుంది.

మన సమాజం ఏం నిర్ణయించుకొన్నది? సన్నాయి ఊదేవాడు లేనిదే పెళ్ళి జరగదు, కాని అతను మంగలి గనక పందిట్లో ఒక మూల కూర్చుంటాడు. డప్పు లేనిదే చావు జరగదు, డప్పు కొట్టేవాడు ఊరి బయట వుంటాడు. కలావంతుల స్త్రీలు పదం పాడి, అభినయం పట్టి ఒక సంప్రదాయాన్ని తరతరాలు మోశారు. వాళ్ళకు సంగీతం మిగిలింది, గౌరవం మిగలలేదు. కుటుంబ స్త్రీకి గౌరవం మిగిలింది, సంగీతం మిగలలేదు. గురజాడ మధురవాణిని సృష్టించిన ఊరు ఈ విజయనగరమే. 1947లో మద్రాసు దేవదాసీల చట్టం వచ్చింది. రావలసిన చట్టమే. కాని ఆ స్త్రీల చేతుల్లోని విద్యను గౌరవంగా అందుకొనే బడి దానితోపాటు రాలేదు. తర్వాత పాట మంచి ఇళ్ళలోకి వచ్చింది, ఇచ్చినవాళ్ళ పేరు చెప్పకుండా. ఇంత చరిత్రను వెనక పెట్టుకొని, ఒక గదిలో ముగ్గురం కూర్చొని, మూడు నిమిషాల్లో ఒకడి ప్రతిభను తేల్చేశాం.

ఇంతవరకు చెప్పినదాన్ని పట్టుకొని, "అయితే ప్రతిభ అనేదే లేదు, అంతా పరిస్థితుల ప్రభావమే" అని మన మిత్రులు కొందరు గబగబా తేల్చేస్తారు. నేను వాళ్ళతో రాను. ఒకే ఇంట్లో, ఒకే మేష్టారి దగ్గర, ఒకే చాప మీద కూర్చొన్న అక్కాచెల్లెళ్ళలో ఒకరికి గమకం పలుకుతుంది, ఒకరికి పలకదు. పదేళ్ళు నేర్పినా పలకదు. ఈ తేడాను కాదనే అభ్యుదయవాదం కళ్ళు మూసుకొన్న వాదం. జర్మన్ భావజాలంలో మార్క్స్, ఏంగెల్స్ రఫేల్ చిత్రకారుణ్ణి గురించి వాదించినప్పుడు, రఫేల్ స్థానంలో ఎవరైనా ఆ బొమ్మలు వేయగలరని అనలేదు. కళాశక్తి అంతా కొద్దిమందిలో పోగుపడి, మిగతా జనంలో అణగారిపోవడం శ్రమవిభజన ఫలితమన్నారు. రేపటి సమాజంలో చిత్రకారులంటూ వేరే వుండరు, మిగతా పనులతోపాటు చిత్రాలు కూడా వేసే మనుషులుంటారన్నారు. తేడాలు పోతాయనలేదు, తేడా మనిషికి కంచె కాకూడదన్నారు. నేను ఈ మాటను ఎన్నోసార్లు చదివాను. చదివి కూడా ఆ కుర్రవాడికి బి.ఎడ్. చెయ్యమన్నాను. చదివినదానికీ, కుర్చీలో కూర్చొని చెప్పేదానికీ ఎంత దూరమో చూడండి.

అసలు సంగీతం నేర్పే పద్ధతినే చూస్తే సామాన్యుడు ఎక్కడున్నాడో తెలుస్తుంది. పురందరదాసు ఏర్పరచాడని సంప్రదాయం చెప్పే పాఠక్రమం వుంది కదా. మాయామాళవగౌళలో సరళీస్వరాలు, జంటస్వరాలు, అలంకారాలు, ఆ తర్వాత గీతం, అటుపైన వర్ణం, కృతి. ఒక్కొక్క వరసనూ మూడు కాలాల్లో పాడించడం. ఇది ఎవరి కోసం చేసిన ఏర్పాటు? వినగానే పట్టేసే పిల్లవాడి కోసం కాదు. ఒకసారి చెబితే రానివాడి కోసం, పదిసార్లు చెబితే సగం వచ్చేవాడి కోసం, వందసార్లకు నిలబడేవాడి కోసం. స్వరం పక్కన స్వరం, మెట్టు పక్కన మెట్టు పేర్చి, ఎవడు కాలు పెట్టినా జారకుండా కట్టిన మెట్లదారి అది. సంగీత విద్య తన పునాదిలోనే సామాన్యుణ్ణి దృష్టిలో పెట్టుకొన్నది. ఆ మెట్ల మొదట్లో నిలబడి, పైమెట్టు దాకా ఎక్కగలవాళ్ళే రావాలి అని మనం కేకలు వేస్తున్నాం. మన ప్రభుత్వ సంగీత కళాశాలల్లో నాలుగేళ్ళ సర్టిఫికెట్టు, ఆ తర్వాత రెండేళ్ళ డిప్లొమా అని చదువును పంచిపెట్టడంలోనూ ఈ వివేకం వుంది. అందరూ చివరిదాకా వెళ్ళకపోవచ్చునని అది ముందే ఒప్పుకొన్నది.

సంగీతానికి పెట్టే ఈ పరీక్ష సాహిత్యానికి పెట్టరెందుకో నాకు అర్థం కాదు. నేను తెలుగు ఎం.ఏ.లో చేరినప్పుడు, "నువ్వు తిక్కనవా?" అని ఎవరూ అడగలేదు. అడిగివుంటే ఇంటికి వెళ్ళిపోవలసినవాణ్ణే. పద్యం రాయలేనివాడు పద్యం చెప్పవచ్చును, చదవవచ్చును, తప్పొప్పులు చూడవచ్చును, దానిమీద జీతం తీసుకోవచ్చును. ఎవరికీ అభ్యంతరం లేదు. పాడలేనివాడు పాట నేర్చుకొంటే మాత్రం ప్రజాధనం వృథా అయిపోతుంది.

మన భాషలో ఒక మాట వుంది: వంత పాడటం. ఇప్పుడది తిట్టు. ఎవడికో భజన చేసేవాణ్ణి వంత పాడుతున్నాడంటాం. తానా అంటే తందానా అంటాడంటాం. కాని బుర్రకథ విన్నవాడికి వంతలంటే ఏమిటో తెలుసు. కథకుడికి కుడిపక్క ఒకడు, ఎడమపక్క ఒకడు. ఒకడు నవ్విస్తాడు, ఒకడు లోకం సంగతులు అడుగుతాడు. కథకుడు ఊపిరి పీల్చుకొనేటప్పుడు పాటను నేలమీద పడకుండా పట్టుకొనేది వాళ్ళిద్దరే. నాజర్ ఎంత గొప్పవాడైనా వంతలు లేనిదే కథ లేదు. 1943లో ప్రజానాట్యమండలి పుట్టాక అది ఊళ్ళ మీద పడి సాగిందంటే, మేధావులు దొరికినందువల్ల మాత్రమే కాదు. వంత పట్టగల మామూలు కుర్రాళ్ళు ఊరూరా దొరికినందువల్ల. సుబ్బారావు పాణిగ్రాహి జముకుల కథ పట్టుకొని శ్రీకాకుళం పల్లెల్లో తిరిగాడు. 1969లో ఆయన్ని చంపేశారు. వంగపండు ప్రసాదరావు పార్వతీపురం దగ్గర పెదబొండపల్లిలో పుట్టి, విశాఖ ఓడల కర్మాగారంలో కార్మికుడుగా పనిచేసి, ఉత్తరాంధ్ర యాసనే పాట చేశాడు. "వాళ్ళు ఏ కళాశాలకు వెళ్ళారు?" అని నన్నొక మిత్రుడు అడిగాడు. వెళ్ళలేదు. కాని ఇదీ మళ్ళీ మేధావుల గురించి అడిగిన ప్రశ్నే. వాళ్ళ పాటను ఒక ఊరినుంచి ఇంకో ఊరికి మోసిన గొంతులు ఎవరివి? వాటికి పేర్లు లేవు, వాటిలో సగం బొంగురు గొంతులు.

కచేరీ సంగీతం మాత్రం ఇందుకు భిన్నమా? ద్వారం వారి కమాను చివర వినీ వినిపించనంత సన్నగా పలికిన స్వరానికి సభ నిశ్శబ్దంగా తలలూపాలంటే, ఆ సభలో ఒకప్పుడు సరళీస్వరాలు పాడి వదిలేసిన గుమాస్తా వుండాలి. డిప్లొమా దాకా రాలేక నాలుగేళ్ళకే పెళ్ళయిపోయిన ఇల్లాలు వుండాలి. తొడమీద తాళం వేసుకొంటూ ఒక అక్షరం తప్పి సిగ్గుపడే బడిపంతులు వుండాలి. 1919 నుంచి ఇప్పటిదాకా ఆ కళాశాల గడప దాటి బయటికి వచ్చినవాళ్ళలో మనం పేర్లు చెప్పుకొనేవాళ్ళు వేళ్ళమీద లెక్కకు వస్తారు. మిగిలినవాళ్ళు వృథా అయిపోయారని నేననుకోను. ఆ కొద్దిమందిని విన్నది, వాళ్ళలో మంచిచెడ్డలు పోల్చింది, పిల్లల్ని తీసుకువెళ్ళి వినిపించింది వాళ్ళే.

విజయనగరంలో బ్రతికిన చాసో గారి 'వాయులీనం' కథ మన చదువరులకు కొత్త కాదు. భార్య జబ్బుపడుతుంది, ఆమె వాయులీనం వైద్యానికి అమ్ముడుపోతుంది. ఆమె ఎంతటి విద్వాంసురాలు అని లెక్క కడితే చదివేవాడికి ఆ నష్టం పెరగదు, తగ్గదు. సామాన్యమైన చేయి వాయించినదైనా సరే, ఇంట్లోంచి ఆ వాద్యం వెళ్ళిపోతే ఒక మనిషిలోంచి ఏదో వెళ్ళిపోతుంది. దరిద్రం ముందుగా దేన్ని అమ్మిస్తుందో ఆ కథ చెప్పింది. నేను ఆ కథను తరగతిలో నాలుగుసార్లు పాఠం చెప్పాను. ఆ కుర్రవాడు ఆ తరగతిలోనే వున్నాడేమో.

ఇక బ్రతుకుతెరువు సంగతి. దీన్ని తప్పించుకొని పోవడం అన్యాయమవుతుంది. "సంగీతం అందరికీ కావాలి" అని నెలజీతం తీసుకొనే నేను పలకడం సులభం. అరిస్టాటిల్ కూడా పలికాడు. 'రాజనీతి' ఎనిమిదో భాగంలో, స్వతంత్ర పౌరుల పిల్లలు సంగీతం నేర్చుకోవాలన్నాడు. పాడటం వాయించడం తెలిస్తేనే మంచిచెడ్డలు తెలుస్తాయన్నాడు. అయితే పోటీలకు తయారయ్యేటంత నేర్చుకోకూడదు, డబ్బుకు వాయించడం నీచవృత్తి అన్నాడు. కవులు వర్ణించిన జ్యూస్ దేవుడు తానుగా పాడడు, వాయించడు అని కూడా గుర్తు చేశాడు. మన దేవుళ్ళకు ఈ భేషజం లేదు. ఒకరు వేణువు, ఒకరు వీణ, ఒకరు డమరుకం పట్టుకొన్నారు. భేషజమంతా భక్తులది. అరిస్టాటిల్ పౌరుడికి సామాన్య ప్రతిభ చాలింది, ఎందుకంటే అతని పొలం దున్నేందుకు బానిసలున్నారు. ఇప్పుడు నేను గొర్రెలకాపరి కొడుకును "సంతోషం కోసం నేర్చుకో నాయనా" అంటే అరిస్టాటిల్ మాటే మళ్ళీ అన్నవాణ్ణవుతాను, బానిసల సంగతి దాచిపెట్టి.

శ్రీకాకుళం జిల్లాలోనే పుట్టిన శ్రీపాద పినాకపాణి గారి ఉదాహరణ చాలామంది తెస్తారు. 1913లో పుట్టి దాదాపు నూరేళ్ళు బ్రతికారు. వృత్తి వైద్యం, ప్రాణం సంగీతం. నేదునూరి వంటి వాళ్ళకు గురువయ్యారు. వృత్తి వేరుగా వుంచుకొని సంగీతం చేయలేమా అంటారు. చేయవచ్చును. డాక్టరుకు సాయంత్రం వుంటుంది. పైడిభీమవరం మందుల కర్మాగారాల్లో షిఫ్టులు మారుతూ పనిచేసేవాడికి సాయంత్రం అనేది వారానికొకసారి చోటు మారుతుంది.

అంచేత నేను విద్యార్థికి రెండు విషయాలూ విడివిడిగా చెప్పాలి. మొదటిది గొంతు గురించి. అక్కడ అబద్ధం పనికిరాదు. శ్రుతి తప్పితే తప్పిందనాలి. జాలిపడి భుజం తట్టి పంపించడం కూడా ఒక రకమైన తిరస్కారమే. "నీకింతే వస్తుందిలే" అని మనసులో అనుకొన్నవాడే అలా తడతాడు. అందరినీ చేర్చుకోవడమంటే అందరినీ పాస్ చేయడం కాదు. కళాశాల తలుపు వెడల్పు చేయమంటున్నాను గాని లోపలి గోడ ఎత్తు తగ్గించమనడం లేదు. ఈ రెండింటినీ కలిపేసి, "ప్రమాణాలు పడిపోతాయి" అని భయపడేవాళ్ళు, మంచి గాయకుల్ని చేర్చుకొని కూడా ప్రమాణాలు పడగొట్టిన సంస్థలెన్నో చూడలేదా?

రెండోది తిండి గురించి. అక్కడా అబద్ధం పనికిరాదు. మన జిల్లా పరిషత్తు హైస్కూళ్ళలో సంగీతం పంతులు ఎక్కడో గాని కనిపించడు. లెక్కలకు పంతులున్నాడు, సైన్సుకున్నాడు, పాటకు లేడు. ఆగస్టు పదిహేనున పిల్లలచేత పాడించడానికి తెలుగు మేష్టారు దిక్కు. హంగరీలో కొడాయ్ అనే సంగీతకర్త పల్లె పాటలు సేకరించి, వాటితోనే బడిపిల్లలందరికీ రోజూ సంగీతం చెప్పాలని పట్టుబట్టాడు. 1950లో కెచ్‌కెమేత్ అనే ఊళ్ళో అలాంటి ప్రాథమిక పాఠశాల మొదలయింది. ఆ పని నడవాలంటే పిల్లలకు పాట చెప్పే పంతుళ్ళు వేలమంది కావాలి. వాళ్ళందరూ మహావిద్వాంసులు కానక్కరలేదు, శ్రుతి తప్పక పాడగలిగితే చాలు. మన ఊళ్ళలో ప్రతి హైస్కూలుకూ ఒక్క సంగీతం పంతుల్ని ఇవ్వమని అడిగితే, సామాన్య ప్రతిభ గల విద్యార్థి సంగీతం చదవాలా వద్దా అన్న ప్రశ్న సగానికి సగం కరిగిపోతుంది. తప్పెటగుళ్ళు తెలిసి, సరళీస్వరాలూ తెలిసిన పంతులు వంశధార ఒడ్డున ఒక బడిలో వుంటే ఎలా వుంటుందో ఊహించండి. ఆ పంతులుకు గొప్ప గొంతు అవసరమా?

ఇది అడగవలసింది ప్రభుత్వాన్ని. అడగవలసినది మనం, అంటే ఉపాధ్యాయ సంఘాలూ, విద్యార్థి సంఘాలూ, రచయితలూ. మనం అడగలేదు. అడగకుండా వుండి, ఆ లోటును ఒక్కొక్క విద్యార్థి గొంతులో వెతుకుతున్నాం.

తప్పెటగుళ్ళ వలయాన్ని నేను మరీ ఆకాశానికెత్తుతున్నానని కొందరు అనవచ్చును. ఆ వలయంలో సామాన్యుడికి చోటుంది, నిజమే. మూడో వరసలో వాయించేవాడి చేయి కొంచెం ఆలస్యమైనా మోతలో కలిసిపోతుంది. ఎవరూ వాణ్ణి బయటికి పొమ్మనరు. కాని అది ఒక కులపు వలయం. ఆ కులంలో కూడా మగవాళ్ళ వలయం. ఆడపిల్ల బయట నిలబడి చూడాలి. సంగీత కళాశాలకు ఎన్ని లోపాలున్నా, పుట్టుకను అడగకుండా ఎవరినైనా కూర్చోబెట్టుకొంటానని చెప్పుకొన్న చోటు అది. చెప్పుకొన్న మాట మీద దాన్ని నిలబెట్టాలి. పల్లెపాట చాలునని చెప్పి ఆ పిల్లల్ని ఇంటికి పంపేయడం కూడా, మర్యాదగా తలుపు వేయడమే.

ఆ కుర్రవాడు బి.ఎడ్. చేయలేదు. పైడిభీమవరం దగ్గర ఒక కర్మాగారంలో చేరాడు. నిరుడు వాళ్ళ ఊరి సంబరానికి పిలిస్తే వెళ్ళాను. తప్పెట కట్టుకొని వలయంలో తిరుగుతున్నాడు. జట్టు నాయకుడు కాడు, పాట ఎత్తుకొనేవాడు కాడు. పక్కవాళ్ళు ఎత్తుకొన్నదాన్ని అందుకొంటున్నాడు. రాత్రి షిఫ్టు వుందని పదిగంటలకే తప్పెట విప్పి వేరేవాడి చేతికిచ్చి వచ్చాడు. బస్సుదాకా నాతో నడిచాడు. చెల్లెలు ఇంటరు పాసయిందనీ, విజయనగరంలో సంగీతం చదువుతానంటోందనీ, హాస్టలు ఖర్చు తను చూసుకొంటాననీ చెప్పాడు. ఆ పిల్ల పాడితే ఎలా వుంటుందని అడిగాను. నావైపు చూడకుండా, "నా నాగే పాడతాది మాస్టారూ" అన్నాడు.

తర్వాత నెలలో దరఖాస్తు కాగితాలు పట్టుకొని ఇద్దరూ మా ఇంటికి వచ్చారు. అటెస్టేషన్ సంతకాలు కావాలి. పిల్ల గుమ్మం దగ్గర నిలబడింది. అతను లోపలికి వచ్చి, కాగితాలు నా ముందు పెట్టి, గొంతు తగ్గించి అన్నాడు.

"సంతకాలెట్టండి మాస్టారూ. గొంతు సంగతి మాత్రం దానికేటీ సెప్పకండి."